మూతి మలుచుడు

ఎనుక టైరు బోడగుండయి నెల దాటింది.
మొన్న వానల ఐలాపూర్ మూల మీద
బండి నన్నడుగకుంటనే ఓ దిక్కు మర్రింది.

ఖాజా భాయ్ దుకాన్ల నా ముంగట నలుగురున్నరు.
"పొద్దుగూకె దాంక గాదన్నా" అన్నడు.
పొద్దుగూకితే నాకు మీటర్ల నంబర్లు కండ్లవడయి.
కొత్త టైరు మెడల దండ లెక్క ఏసుకొని
కల్లూరు రోడ్డు పొంటి ఇంటికి మర్లిన.
ఎదురచ్చినోళ్లు
"ఏ ఎలచ్చన్ల గెలిసినవే?" అని నవ్విన్రు.

వాకిట్ల గోనె సంచి పరిచిన.
పంతొమ్మిది నంబరు పానా
పక్కింటి బోరు మోటార్ల లింబాద్రిది.
నట్టు కదలలే.
పానా మీద కాలు మోపి నిలవడ్డ.
నా బరువుకు గాదు, నా తిట్టుకు తిరిగింది.

యాక్సిల్ గుంజితే
ఏలంత బుష్షొకటి దొర్లి
కోడిపిల్లల నడుమ వడ్డది.
ఏ దిక్కుదో మర్చిపోత అని
బొగ్గుతోటి గచ్చు మీద రాసిన: ఎడమ.

పాత టైరు రిమ్మును ఇడువనంటది.
మూడేండ్లు కలిసి తిరిగినయి, ఊకెనే ఇడుస్తదా.
మడిమెతోటి తొక్కంగ తొక్కంగ
నడుమ పట్టేసినంక ఇడిసింది.
తిప్పి చూసిన.
నేను తిరిగిన ఊర్లన్ని దాంట్ల నాటుకొని ఉన్నయి:
సీసపెంకు,
గ్రానైటు లారీల కెల్లి రాలిన నల్లరాయి పెచ్చు,
ఎవలి పెండ్లి బరాత్‌లదో ఒక పిన్ను.
పిన్ను మొన ట్యూబుకు నూలుపోగంత దూరంల ఆగింది.
రోజు దాని మీదనే కూసొని
పాటలు పాడుకుంట పోయిన.

కొత్తది ఎక్కిచ్చుడు షురూ జేసిన.
నాకున్నయి రెండు రాడ్లు,
ఒకటి అసలుది, ఒకటి పాత తలుపు గడె.
ముప్పావు అంచు మెత్తగనే లోపటికి పోయింది.
ఆఖరు జానెడు మొండికేసింది.
గడె పెట్టి పెయ్యిల ఉన్న బలమంత పెట్టిన,
టప్పుమని కూసుంది.
గెలిసిన అనుకున్న.

సైకిల్ పంపుతోటి నూటిరవై గుద్దులు.
ట్యూబు నిండదు, నా ఊపిరే అయిపోతాంది.
మల్ల ఇప్పి, బకిట్ల ముంచి చూస్తే
పాము కరిసినట్టు పక్కపక్కన రెండు బుడగలు.
నా గడె పంటి గాట్లే.

గంగమణి అరుగు మీద కూసున్నది,
ఒళ్లె చాట, చాటల తంబాకు.
ఇయ్యాల్టికి వెయ్యి బీడీలు కావాలె.
అప్పటి సంది తలెత్తలే.
ఇప్పుడు సుత ఎత్తకుంటనే అన్నది:
"బిగిసిన కాడ బలం పెడితే గాడనే పల్గుతది.
అవుతలి అంచు గుంతలకు ఒత్తు,
ఇవుతల జాగ అదే అస్తది."

"నీకు బీడీ ఎరుక, టైరు ఎరుకనా?" అన్న.
ఆమె తిరిగి అనలే.
తడి గుడ్డల కెల్లి ఒక ఆకు తీసి
చుట్టి, మూతి మలిచి, దారం సుట్టి
నా దిక్కు చూపెట్టింది.
ఆకు యాడా పల్గలే.

రెండు బొక్కలకు అతుకులేసిన.
ఈసారి సబ్బు నీళ్లు దండిగ రాసిన.
అవుతలి దిక్కు మోకాళ్లతోటి ఒత్తిన.
ఆమె చాట కింద పెట్టచ్చింది.
తంబాకుతోటి గోధుమరంగు దేరిన బొటనేళ్లు రెండు
ఆ ఆఖరు జానెడును
ఆకు మూతి మలిసినట్టే మలిసినయి.
గడె అవుసరమే పడలే.

"వంద వెనుకవడ్డ" అనుకుంట
మల్ల పోయి చాట ఒళ్లె పెట్టుకున్నది.

పానాకని వచ్చిన లింబాద్రి
వంగి చూసి, ఇంకింత వంగి చూసి
"బాణం గుర్తు ఎనుకకు చూస్తాంది గదనే" అన్నడు.
ఆమె నవ్వుకు
చాటల తంబాకు లేసి
ముగ్గురం తుమ్మినం.

మల్ల ఇప్పిన.
మల్ల ఎక్కిచ్చిన, ఆమెను పిలువకుంటనే,
కానీ ఆమె చెప్పినట్టే.

తెల్లారి తొలి మీటరు కాడ బండి ఆపినంక చూసిన.
టైరు అంచు మీద
సబ్బు నురుగు ఆరి
ఒక బొటనేలు గుర్తు తెల్లగ పడి ఉన్నది.
తిరిగేటప్పుడు కండ్లవడది.
ఆగిన ప్రతి ఇంటి ముంగట
రీడింగు రాసుకునేటందుకు ముందు
కిందికి వంగి ఒకసారి చూసుకున్న.

మూడో ఊర్ల వాన వడ్డది.